కదలని కారు – కారణాన్వేషణ

విశ్రాంతి జీవులకు బలాన్నిస్తుంది. రాత్రంతా నిద్రించిన మనిషి తెల్లవారేసరికి కొత్త ఉత్సాహంతో పనికి పూనుకొంటాడు. ఒక పంటకాలం బీడుగా వదిలిన నేల మరుసటి ఏడు మరింత సారవంతమవుతుంది. యంత్రాల స్వభావం ఇందుకు భిన్నమైనది. వాడుతున్నంతకాలం నమ్మకంగా పనిచేసిన యంత్రం, కొన్నాళ్లు కదలకుండా ఉంచితే మొరాయిస్తుంది. వాడని కత్తికి తుప్పు పడుతుంది. వాడని బావిలో నాచు పేరుకొంటుంది. వాడని కారు కూడా అంతే. తాళంచెవి తిప్పిన మరుక్షణం మేల్కొనవలసిన ఇంజను మూలుగుతుంది, లేదా మౌనం వహిస్తుంది.

ఈ సత్యం 2020వ సంవత్సరంలో మన దేశంలో వేలాది కుటుంబాలకు ఒక్కసారిగా అనుభవంలోకి వచ్చింది. కరోనా వ్యాధి వ్యాప్తిని అరికట్టేందుకు ఆ ఏడాది మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. నాలుగు విడతలుగా మే 31 వరకు, అనగా 68 రోజులపాటు అది కొనసాగింది. బస్సులు, ప్రయాణికుల రైళ్లు, ఆటోలు నిలిచిపోయాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణం వంటి నగరాల్లో అపార్టుమెంట్ల కింది అంతస్తులలో కార్లు వరుసగా దుమ్ముపట్టి నిలిచాయి. అటువంటి సమయంలో ఇంట్లో ఒకరికి అర్ధరాత్రి ఆయాసం వచ్చిందనుకోండి. ఆసుపత్రికి చేరడానికి వాకిట్లోని కారే దిక్కు. ఆ కారు కదలకపోతే? ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. కొన్ని సందర్భాలలో అది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

కాబట్టి నిలిచిపోయిన కారు ఎందుకు కదలదో, కారణాన్ని ఏ క్రమంలో వెతకాలో తెలుసుకోవడం అవసరం. ఇందుకు గొప్ప సాంకేతిక పరిజ్ఞానం అక్కరలేదు. చూడటం, వినడం, ఆలోచించడం తెలిస్తే చాలు.

ఇంజను మేల్కొనే విధానం

కారణం తెలియాలంటే ముందుగా కార్యం తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న శరీరం ఎలా పనిచేస్తుందో తెలిసిన వైద్యుడే రోగాన్ని గుర్తించగలడు.

పెట్రోలు ఇంజను ప్రారంభం కావడానికి నాలుగు అంశాలు సమకూడాలి. మొదటిది, ఇంజనును బయటినుండి తిప్పే శక్తి. రెండవది, తగినంత ఇంధనం. మూడవది, గాలి. నాలుగవది, ఇంధనాన్ని సకాలంలో మండించే నిప్పురవ్వ. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా ఇంజను మేల్కొనదు. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వతో పని లేదు. గాలిని విపరీతంగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిలు మండుతుంది.

తొలినాళ్ల కార్లలో ఇంజనును తిప్పే శక్తి మనిషి చేతులదే. కారు ముందు భాగంలో వంకర ఇనుప కడ్డీని దూర్చి, బలంకొద్దీ తిప్పేవారు. ఒక్కొక్కసారి ఇంజను వెనక్కి తన్నితే ఆ కడ్డీ తగిలి చేతి ఎముకలు విరిగేవి. చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో ప్రవేశించడంతో ఈ ప్రమాదం క్రమంగా తొలగిపోయింది. మన వాడుకలో దీనినే సెల్ఫ్ మోటారు అంటారు. మన దేశంలో పాత అంబాసిడర్ కార్లకు కూడా చేతితో తిప్పే హ్యాండిలు ఉండేది. నేటి కార్లకు ఆ వసతి లేదు. కనుక బ్యాటరీ చేతులెత్తేస్తే కారంతా చేతులెత్తేసినట్లే.

తాళంచెవి తిప్పగానే బ్యాటరీలోని విద్యుత్తు సెల్ఫ్ మోటారుకు చేరుతుంది. మోటారు ఇంజనును నిమిషానికి సుమారు 200 చుట్ల వేగంతో తిప్పుతుంది. అదే సమయంలో ట్యాంకులోని పంపు ఇంధనాన్ని ముందుకు తోస్తుంది. గాలి వడపోత గుండా గాలి లోపలికి వస్తుంది. ప్లగ్గుల వద్ద నిప్పురవ్వ పుడుతుంది. మొదటి మంట అంటుకోగానే ఇంజను తన కాళ్లపై తాను నిలబడుతుంది. ఆపై మోటారు పని ముగుస్తుంది.

ముందు చెవి, తరువాత చేయి

కారు స్టార్టు కాలేదనగానే చాలామంది పదేపదే తాళంచెవి తిప్పుతారు. ఇది తొందరపాటు. అలా చేసిన ప్రతిసారీ బ్యాటరీలో మిగిలిన కొద్దిపాటి శక్తి కూడా హరించిపోతుంది. ఒక్కసారి తిప్పి, వినిపించిన శబ్దాన్ని శ్రద్ధగా గమనించడం వివేకుల లక్షణం. ఆ శబ్దమే సగం నిర్ధారణ.

ఏ శబ్దమూ లేక, సూచిక దీపాలు కూడా వెలగకపోతే విద్యుత్తు అసలు అందడం లేదని అర్థం. బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉండాలి, లేదా దాని తీగ ఊడి ఉండాలి. దీపాలు వెలుగుతూ టకటకమని వరుస చప్పుడు వినిపిస్తే, బ్యాటరీలో కొంత శక్తి ఉన్నది గాని మోటారును తిప్పేటంత లేదని గ్రహించాలి. ఒకే ఒక్క టక్కుమనే చప్పుడు వచ్చి ఆగిపోతే సెల్ఫ్ మోటారునో, దాని స్విచ్చినో, వదులైన తీగనో అనుమానించాలి. మోటారు బరువుగా, ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీ నీరసించింది. మోటారు ఎప్పటివలె చురుకుగా తిరుగుతున్నా ఇంజను అంటుకోకపోతే బ్యాటరీ నిర్దోషి. దోషం ఇంధనంలోనో, గాలిలోనో, నిప్పురవ్వలోనో ఉంది.

ఈ విభజన చాలా ముఖ్యమైనది. ఇది తెలియనివారు మోటారు చక్కగా తిరుగుతున్నా కొత్త బ్యాటరీ కొంటారు. బ్యాటరీ నీరసించి ఉన్నా ప్లగ్గులు మార్పిస్తారు. రోగమొకటైతే మందొకటి అన్నట్లు డబ్బు ఖర్చవుతుంది, కారు మాత్రం కదలదు.

అన్నింటికన్నా ముందు చిన్న విషయాలను సరిచూడటం మంచిది. ఆటోమేటిక్ కారయితే గేరు నిలుపుదల స్థానంలోగాని తటస్థ స్థానంలోగాని ఉండాలి. మరికొన్ని కార్లలో క్లచ్చి పూర్తిగా తొక్కితే తప్ప మోటారు తిరగదు. తాళంచెవి బొమ్మ గల సూచిక దీపం మినుకుమినుకుమంటుంటే కారు తన తాళంచెవిని గుర్తించలేదన్నమాట. తాళంచెవిలోని చిన్న బ్యాటరీ అడుగంటినా ఇట్లే జరుగవచ్చు.

బ్యాటరీ ఎందుకు నీరసిస్తుంది?

నిలిచిన కారు మొరాయించినప్పుడు మొదట అనుమానించవలసింది బ్యాటరీనే. కార్లలో నేటికీ ఎక్కువగా వాడే సీసపు బ్యాటరీని గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1859లో కనుగొన్నాడు. అందులో సీసం, సీసపు డయాక్సైడు పలకలు సజల సల్ఫ్యూరికామ్లంలో మునిగి ఉంటాయి. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టుల చొప్పున ఆరు గదులు కలసి 12.6 వోల్టుల పీడనాన్ని ఇస్తాయి. విద్యుత్తు వెలువడుతున్నకొద్దీ రెండు రకాల పలకలపైనా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. ఆమ్లం పలచబడి నీరవుతుంది. తిరిగి ఛార్జి చేస్తే ఈ చర్య వెనక్కి మళ్లుతుంది. కాని, అడుగంటిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారుతుంది. అప్పుడు ఎంత ఛార్జి చేసినా పలకలు పూర్వస్థితికి రావు. కనుక నిర్లక్ష్యం బ్యాటరీని నిద్రపుచ్చడమే కాదు, చంపుతుంది కూడా.

కారును కదపకుండా ఉంచితే విద్యుత్తు ఎలా ఖర్చవుతుందని సందేహం కలుగవచ్చు. కారు నిలిచినా దానిలోని కొన్ని పరికరాలు నిద్రపోవు. గడియారం నడుస్తుంది. దొంగల నుండి కాపాడే అలారం మేల్కొని ఉంటుంది. కంప్యూటరు తన జ్ఞాపకాలను నిలుపుకొంటుంది. ఇవన్నీ కలసి 30 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటున్నాయనుకొందాం. చూడటానికి ఇది అత్యల్పం. అయితే రోజుకు 24 గంటల చొప్పున లెక్కిస్తే 0.72 ఆంపియర్-గంటలు. లాక్‌డౌన్ సాగిన 68 రోజులకు సుమారు 49 ఆంపియర్-గంటలు. చిన్న కారులో ఉండే బ్యాటరీ సామర్థ్యం 35 ఆంపియర్-గంటల ప్రాంతంలోనే ఉంటుంది. అంటే గడువు ముగియకముందే కుండ ఖాళీ అయిందన్నమాట. చిల్లు చిన్నదే అయినా కాలం పెద్దది.

దీనికి తోడు బ్యాటరీ తనంతట తానే కొంత శక్తిని కోల్పోతుంది. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ రసాయనిక చర్యల వేగం పెరుగుతుందని రసాయనశాస్త్రం చెబుతుంది. చలిదేశాలలో మంచు బ్యాటరీని బలహీనపరిస్తే, మన ఏప్రిల్, మే నెలల ఎండ దాని ఆయుష్షునే హరిస్తుంది. ఎండకు లోపలి నీరు కూడా ఆవిరవుతుంది. నీరు పోసే మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే గుర్తు వరకు పోయాలి. కుళాయి నీటిలోని లవణాలు పలకలకు హాని చేస్తాయి.

దీపం వెలిగితే చాలదు

"దీపాలు వెలుగుతున్నాయి, హారను మోగుతోంది, కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది" అని చాలామంది భావిస్తారు. ఈ అనుమానప్రమాణంలో లోపం ఉంది. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికీ కలిపి సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు చాలు. సెల్ఫ్ మోటారుకు ఒక్కసారిగా 100 నుండి 200 ఆంపియర్లు కావాలి. చెంబెడు నీళ్లివ్వగల బావి పొలమంతా తడపలేదు కదా!

కావున పరీక్ష మరొక విధంగా చేయాలి. హెడ్‌లైట్లు వెలిగించి, తాళంచెవి తిప్పుతూ వాటి కాంతిని గమనించాలి. దీపాలు బాగా మసకబారితే బ్యాటరీ బలహీనం, లేదా దాని కొనల వద్ద సంధానం సరిగా లేదు. దీపాలు ఏమాత్రం మసకబారక, మోటారు కూడా తిరగకపోతే విద్యుత్తు మోటారుకు చేరడమే లేదు. దోషం స్విచ్చిలోనో, రిలేలోనో, మోటారులోనో ఉంది.

వోల్టు మీటరు ఉంటే నిర్ధారణ మరింత తేలిక. కొన్ని గంటలు కదలని కారులో 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2 వోల్టులంటే సగమే మిగిలింది. 12 వోల్టులకు దిగితే దాదాపు అడుగంటినట్లే. 12.6కు, 12కు మధ్య భేదం స్వల్పమని పొరబడరాదు. నిండు బ్యాటరీకి, నీరసించిన బ్యాటరీకి మధ్య అంతరమంతా ఆ కొద్ది దశాంశాలలోనే దాగి ఉంది.

ఒక్కొక్కసారి బ్యాటరీలో పూర్తి శక్తి ఉన్నా కారు కదలదు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ కొనల మీద తెల్లగానో, పచ్చగానో పొడి పేరుకొని కనిపిస్తుంది. ఈ పొడి విద్యుత్తును అడ్డుకొంటుంది. దాని నిరోధం 0.03 ఓమ్‌లే అనుకొందాం. ఓమ్ నియమం ప్రకారం, దీపాల కోసం 9 ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడ నష్టపోయేది 0.27 వోల్టులు మాత్రమే. దీపాలు ప్రకాశవంతంగానే వెలుగుతాయి. అదే మోటారు కోసం 150 ఆంపియర్లు ప్రవహింపబోతే 4.5 వోల్టులు ఆ పొడి వద్దనే నష్టమవుతాయి. మోటారుకు మిగిలేది చాలదు. తరగతి గదిలో నేర్చిన చిన్న సూత్రం ఇక్కడ వేలరూపాయల అనవసర వ్యయాన్ని ఆపగలదు.

ఈ పొడిని తొలగించడానికి వంటసోడా కలిపిన గోరువెచ్చని నీరు, పాత పళ్లకుంచె చాలు. ఆమ్లాన్ని సోడా తటస్థం చేస్తుంది. తీగలను విప్పేటప్పుడు ముందు ఋణధ్రువాన్ని, తరువాత ధనధ్రువాన్ని విప్పాలి. బిగించేటప్పుడు ఈ క్రమం తలకిందులు కావాలి. కారు శరీరమంతా ఋణధ్రువంతో కలసి ఉంటుంది. ధనధ్రువాన్ని ముందుగా విప్పబోతే, చేతిలోని పానా పొరపాటున కారు లోహానికి తగిలి పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. ఉంగరాలు, గాజులు తీసివేసి, కళ్లకు రక్షణ కల్పించుకొని ఈ పని చేయాలి. శుభ్రపరచిన కొనలను గట్టిగా బిగించి, పైన కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాస్తే మళ్లీ త్వరగా పొడి పట్టదు.

పొరుగు బ్యాటరీ సాయం

బ్యాటరీ అడుగంటిందని తేలినప్పుడు మరొక కారు బ్యాటరీ సాయంతో ఇంజనును మేల్కొలపవచ్చు. దీనికి రెండు మందపాటి జంపర్ తీగలు కావాలి. రెండు బ్యాటరీలూ 12 వోల్టులవే కావాలి. రెండు కార్లూ ఒకదానికొకటి తగలరాదు.

ఎర్రతీగ ఒక కొనను అడుగంటిన బ్యాటరీ ధనధ్రువానికి, రెండవ కొనను మంచి బ్యాటరీ ధనధ్రువానికి తగిలించాలి. తరువాత నల్లతీగ ఒక కొనను మంచి బ్యాటరీ ఋణధ్రువానికి తగిలించాలి. చివరి కొనను అడుగంటిన బ్యాటరీకి కాక, ఆ కారు ఇంజనులో బ్యాటరీకి దూరంగా రంగు లేని లోహభాగానికి తగిలించాలి. ఎందుకంటే బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుండవచ్చు. చివరి సంధానం వద్ద చిన్న నిప్పురవ్వ లేవడం సహజం. అది బ్యాటరీ దగ్గర లేస్తే విస్ఫోటనం జరిగే ప్రమాదం ఉంది. మంచి కారును కొన్ని నిమిషాలు నడిపి, ఆపై రెండవ కారును స్టార్టు చేయాలి. పని ముగిశాక తీగలను తగిలించిన దానికి సరిగ్గా వ్యతిరేక క్రమంలో తీయాలి. ధనఋణ ధ్రువాలను తారుమారు చేస్తే కారులోని ఎలక్ట్రానిక్ పరికరాలు క్షణంలో కాలిపోతాయి. అందువల్ల కారుతో ఇచ్చిన పుస్తకంలోని సూచనలను ఒకసారి చదవడం శ్రేయస్కరం.

నలుగురు కలసి నెట్టి స్టార్టు చేయడం మనకు చిరపరిచితమైన పద్ధతి. అయితే ఇది చేతితో గేర్లు మార్చే కార్లకే వర్తిస్తుంది. ఆటోమేటిక్ కార్లకు పనికిరాదు. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే ఇంధనపు పంపు కూడా పనిచేయదు కనుక, నేటి కార్లను ఎంత నెట్టినా ఫలితం ఉండదు. ఇంజను నడవనప్పుడు బ్రేకులు, స్టీరింగు బరువెక్కుతాయి. అందువల్ల ఏటవాలు రోడ్డు మీద, రద్దీలో ఈ ప్రయత్నం చేయరాదు.

మోటారు తిరుగుతుంది, ఇంజను అంటుకోదు

ఇప్పుడు రెండవ వర్గాన్ని పరిశీలించాలి. మోటారు చురుకుగా తిరుగుతున్నా ఇంజను మేల్కొనకపోతే మొదట ఇంధనాన్ని అనుమానించాలి.

కొన్ని వారాలు నిలిచిన కారులో ఇంధన గొట్టాలలోని పీడనం తగ్గిపోయి ఉండవచ్చు. తాళంచెవిని స్టార్టు వరకు తిప్పక, దీపాలు వెలిగే స్థానంలో ఆపి రెండు మూడు క్షణాలు వినాలి. చాలా పెట్రోలు కార్లలో వెనుక సీటు కిందినుండి పంపు సన్నగా రొదచేయడం వినిపిస్తుంది. ఇట్లా రెండు మూడుసార్లు చేస్తే గొట్టాలలో పీడనం నిండి, ఇంజను సులభంగా అంటుకోవచ్చు. ఆ రొద ఏమాత్రం వినిపించకపోతే పంపు, దాని ఫ్యూజు, రిలే పరిశీలింపదగినవి.

పెట్రోలు కూడా కాలగర్భంలో మారుతుంది. అందులో త్వరగా ఆవిరయ్యే భాగాలే చల్లని ఇంజనులో మొదట అంటుకొంటాయి. నెలల తరబడి నిలువ ఉంటే ఆ భాగాలు తగ్గి, జిగురు వంటి పదార్థం ఏర్పడుతుంది. దాని వాసన కూడా వార్నిషు వాసనను పోలి ఉంటుంది. మన దేశంలో పెట్రోలుతో ఇథనాలు కలిపి అమ్ముతున్నారు. 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి ఈ మిశ్రమం చేరింది. ఇథనాలుకు నీటిని ఆకర్షించే గుణం ఉంది. తేమ ఎక్కువగా చేరితే నీరు, ఇథనాలు కలసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. పంపు ఇంధనాన్ని పీల్చుకొనేది అడుగునుండే కదా! రెండు మూడు నెలల నిలువతో సాధారణంగా ఇంత దూరం రాదు. కాని వానాకాలమంతా సగం ఖాళీ ట్యాంకుతో నిలిచిన కారు విషయంలో ఈ అనుమానం సమంజసమే.

డీజిలు కార్లలో మరికొన్ని విశేషాలున్నాయి. గొట్టాలలోకి గాలి చొరబడితే ఇంధనం ముందుకు సాగదు. చేతిపంపు ఉన్న కార్లలో దానిని నొక్కి గాలిని వెళ్లగొట్టాలి. వడపోత అడుగున చేరిన నీటిని తీసివేయాలి. అనేక డీజిలు కార్లలో ఇంజనును వేడిచేసే ప్లగ్గులుంటాయి. తాళంచెవి తిప్పగానే చుట్టలు చుట్టిన తీగ ఆకారంలో సూచిక దీపం వెలుగుతుంది. అది ఆరిపోయేవరకు ఆగి, అప్పుడు స్టార్టు చేయాలి.

ఇక గాలి సంగతి. నిలిచిన కారు ఎలుకలకు సురక్షితమైన నివాసం. అవి గాలి వడపోత పెట్టెలో గుడ్డపీలికలు, ఎండుటాకులు చేర్చి గూడు కట్టుకొంటాయి. తీగల పైతొడుగులను కొరుకుతాయి. ఒక్క తీగ తెగితే చాలు, నిప్పురవ్వో, ఇంధనమో ఆగిపోతుంది. అందువల్ల చాలాకాలం తరువాత కారు తీసేవారు తాళంచెవి తిప్పకముందే బానెట్ ఎత్తి చూడటం ఉత్తమం. కొరికిన తీగలతో కారును స్టార్టు చేస్తే నిప్పంటుకొనే ప్రమాదం కూడా లేకపోలేదు.

ఏ ప్రయత్నమైనా సెల్ఫ్ మోటారును ఒక విడతలో పది క్షణాలకు మించి తిప్పరాదు. మళ్లీ తిప్పడానికి ముందు కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి. లేకుంటే మోటారు వేడెక్కి కాలిపోతుంది. మూడు నాలుగు ప్రయత్నాలకూ ఫలితం లేకపోతే మెకానిక్కును పిలవడమే మేలు. అప్పుడు కూడా, "కారు కదలడం లేదు" అని మాత్రమే చెప్పక, ఏ శబ్దం వచ్చిందో, దీపాలు మసకబారాయో లేదో, ఎన్నాళ్లు నిలిచిందో చెప్పగలిగితే అతని పని సగం తగ్గుతుంది.

ఇల్లు అలకగానే పండుగ కాదు

ఇంజను అంటుకోగానే సమస్య తీరిందని సంతోషించరాదు. ఈ దశలోనే అతి పెద్ద ప్రమాదం పొంచి ఉంది. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజను నడపడం ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గాఢంగా బంధం ఏర్పరచుకొంటుంది. మనిషికి తెలియకుండానే మత్తు కమ్మి, స్పృహ తప్పుతుంది. కారును వెలుపలికి తెచ్చిన తరువాతనే, లేదా తలుపులు పూర్తిగా తెరిచి మనుషులు దూరంగా ఉన్నప్పుడే ఇంజను నడపాలి.

రెండవది బ్యాటరీ. ఐదు నిమిషాలు ఇంజను నడిపి ఆపివేస్తే కోల్పోయిన శక్తి తిరిగి రాదు. కనీసం అరగంట సేపు రోడ్డు మీద నడపాలి. పూర్తిగా అడుగంటిన బ్యాటరీకి అది కూడా చాలదు. ఛార్జరుతో కొన్ని గంటలు నెమ్మదిగా ఛార్జి చేయాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు కనిపిస్తే డైనమో తన పని తాను చేస్తున్నట్లు. ఆ అంకె 12.6కు మించకపోతే దోషం బ్యాటరీది కాదు, డైనమోది. అటువంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజులలో అదే కథ పునరావృతమవుతుంది.

మూడవది బ్రేకులు, టైర్లు. తేమకు బ్రేకు చక్రాల మీద తుప్పు పొర ఏర్పడుతుంది. చేతిబ్రేకు వేసి వదిలితే అది పట్టుకుపోవచ్చు. మొదట నెమ్మదిగా కదిలి, రెండు మూడుసార్లు బ్రేకు వేసి నమ్మకం కుదిరాక మాత్రమే రోడ్డు మీదికి పోవాలి. కదలని కారును కదిలించడం ఎంత అవసరమో, కదిలిన కారును ఆపగలగడం అంతకన్నా అవసరం. టైర్లలో గాలిని కూడా సరిచూడాలి.

నివారణ

ఇంటివారు ఊరికి వెళ్లవలసి వచ్చినా, మరే కారణంచేతనైనా కారును నిలిపివేయవలసి వచ్చినా కొన్ని జాగ్రత్తలు చాలు. వారానికో, పది రోజులకో ఒకసారి అరగంట నడిపితే బ్యాటరీ, ఇంధనం, బ్రేకులు మూడూ క్షేమంగా ఉంటాయి. అందుకు వీలులేక నెలకు మించి నిలపవలసి వస్తే బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి ఉంచాలి. గడియారం ఆగిపోవచ్చు గాని బ్యాటరీ బతుకుతుంది. ట్యాంకును నిండుగా ఉంచితే తేమగాలికి చోటు తగ్గుతుంది. సమతలంపై, చేతిబ్రేకుకు బదులు గేరు వేసి చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టడం మంచిది. కారులో తినుబండారాల తునకలు లేకుండా శుభ్రపరిస్తే ఎలుకల బెడద తగ్గుతుంది.

విద్యుత్ కార్లకు ఈ బాధలేమీ ఉండవని కొందరు తలుస్తారు. వాటిని నడిపే పెద్ద బ్యాటరీతోపాటు దీపాలకు, తాళాలకు, కంప్యూటరుకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. అది అడుగంటితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేల్కొనకపోవచ్చు.

ముగింపు

ఒక కారు కదలకపోవడం చిన్న విషయంగా తోచవచ్చు. కాని దాని వెనుక కారణాన్ని వెదికే పద్ధతి చిన్నది కాదు. మొదట గమనించడం, గమనించినదాన్ని వర్గీకరించడం, ఒక ఊహను ఏర్పరచుకోవడం, ఆ ఊహను చిన్న పరీక్షతో సరిచూడటం, తప్పయితే విడిచి మరొక ఊహను స్వీకరించడం, ఇవే శాస్త్రీయాన్వేషణలోని మెట్లు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు నడిచే దారి, వాకిట్లో కారు ముందు నిలిచిన గృహస్థు నడవవలసిన దారి ఒక్కటే. 1976లో చేసిన 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ఒకటి. ఆ దృక్పథం గ్రంథాలయాలలోనే కాదు, బానెట్ కింద కూడా అవసరమే.

భౌతికశాస్త్రంలో చదివిన ఓమ్ నియమం, రసాయనశాస్త్రంలో చదివిన సీసపు ఘటం, జీవశాస్త్రంలో చదివిన హీమోగ్లోబిన్, మూడూ ఒకే వాకిట్లో, ఒకే కారు దగ్గర కలుసుకొంటాయి. పరీక్షల కోసం చదివిన చదువు ఒక అర్ధరాత్రి ఒక ప్రాణాన్ని సకాలంలో ఆసుపత్రికి చేర్చగలిగితే, ఆ చదువు సార్థకమైనట్లే. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట యంత్రాల విషయంలోనూ వర్తిస్తుంది. తొందరపడి తాళంచెవిని పదిసార్లు తిప్పేవాడికంటే, ఒక్కసారి తిప్పి చెవియొగ్గి వినేవాడే ముందుగా గమ్యం చేరతాడు.